బాపు ఫోటోకు రంగు తీసిన పాపం

మా బాపును నేను ఒకసారి చంపాను. కంగారు పడకండి, మనిషి నిక్షేపంగా ఉన్నాడు. నేనిది రాస్తుంటే అవతల పిండి గిర్నిలో ఎవరిదో కారం పడుతూ తుమ్ముతున్నాడు. కానీ సిద్దిపేటలో సగం మంది, మేనత్త ఊరు నంగునూరులో ముప్పావు మంది ఒక పూటంతా ఆయన పోయాడనే అనుకున్నారు. అందుకు కారణం గుండెపోటు కాదు, లారీ కాదు. గ్రాఫిక్ డిజైన్ మొదటి సంవత్సరం చదువుతున్న ఆయన సొంత బిడ్డ.

ఆ మొదటి సంవత్సరం గురించి ముందు రెండు ముక్కలు చెప్పాలి. అప్పుడైనా మీకు నా మీద కాస్త జాలి కలుగుతుంది. హైదరాబాదులో కాలేజీలో చేరేటప్పుడు కంప్యూటరు ముందు కూర్చుని గొప్ప గొప్ప బొమ్మలు వేస్తాననుకున్నాను. వాళ్లు మూడు నెలలు గీతలు గీయించారు. నిలువు గీతలు, అడ్డ గీతలు, స్కేలు లేకుండా. తర్వాత సున్నాలు. వేలి మీద కాయ కాసింది, మెడ పట్టేసింది, కలలో కూడా సున్నాలే. ఇక మా సారు ఏ పని చూపించినా ఒకటే మాట: "ఎక్కువైంది, తీసెయ్." బొమ్మ తీసేస్తే "ఇంకా తీసెయ్." రంగు తీసేస్తే "ఇంకా." చివరికి ప్రాణం విసిగి, తెల్ల కాగితం మూలన ఒక్క చుక్క పెట్టి ఇచ్చాను. సారు దాన్ని అయిదు నిమిషాలు చూసి, "ఇప్పుడు నీకు డిజైన్ అర్థమవుతోంది" అన్నారు. క్లాసులో నాకే ఎక్కువ మార్కులు. నా కొంప మునిగింది అక్కడే.

సెలవులకు ఇంటికొస్తే రెండు రోజులు పడుకోవచ్చనుకున్నాను. డాక్టరు చదివే పిల్లను మొదటి ఏడాదే ఎవరూ ఆపరేషన్ చెయ్యమనరు. మమ్మల్ని మాత్రం బస్సు దిగకముందే పట్టుకుంటారు. మా పెద్దనాయిన, అంటే బాపుకు అన్న, పాస్‌పోర్టు సైజు ఫోటో పట్టుకొచ్చాడు.

"బిడ్డా, జర గీ బట్టతల మీద ఎంటికలు వెట్టు."

పెట్టాను.

"గిన్ని వెడితే దొంగ లెక్క గొడుతున్న. జర తగ్గియ్యి."

తగ్గించాను.

"గిట్లయితే మల్ల బట్టతలే గదనే!"

అలా ఏడు సార్లు. చివరికి మొదటి ఫోటోనే మళ్లీ చేతిలో పెడితే, "ఆ, గిది మంచిగున్నది" అని మెచ్చుకుని, వెళ్తూ వెళ్తూ, "గీ మాత్రానికి నాలుగేండ్ల సదువెందుకే? డిగ్రీ జేసి బీఎడ్ జేస్తే టీచరమ్మవైతవు" అన్నాడు. ఈ బీఎడ్ మాట ఆయన నోట్లో తాంబూలం లాంటిది. ఎప్పుడూ నములుతూనే ఉంటాడు.

అసలు సంగతికొస్తాను. మా బాపు ఇరవై రెండేళ్లు మహారాష్ట్రలోని భివండిలో మగ్గాల మీద పనిచేశాడు. ఏడాదికి రెండుసార్లు చుట్టపు చూపుగా వచ్చేవాడు. ఈసారి మాత్రం పెట్టె బేడా సర్దుకుని వచ్చేశాడు. ఇంటికి దగ్గర్లో ఒక మడిగె, అంటే దుకాణం గది, కిరాయికి తీసుకుని పిండి గిర్ని పెడుతున్నాడు. పేరు శ్రీ మార్కండేయ పిండి గిర్ని. చావును గెలిచిన దేవుడి పేరు పెట్టుకున్న దుకాణానికి నేనేం చేశానో మీరే చూడండి.

మిషను బిగిస్తూ బాపు నన్ను పిలిచాడు. "బిడ్డా, గీ ఊర్ల నేనెవల్నో సగం మందికి తెల్వదు. ఇరవై రెండేండ్లాయె. నేనొచ్చిన్నని అందరికి ఎరుకగావాలె. ఓపెనింగుకు ఫ్లెక్సీ నువ్వే జెయ్యి."

"నేనా?"

"నువ్వే. మీ పెద్దనాయిన బీఎడ్ బీఎడ్ అని దినాం పానం తీస్తుండు. నీ సదువేందో నాకే సమజ్ కాదు, ఆయనకేం జెప్పాలె? గిదొక్కటి మంచిగ జేసి సూపెట్టు, ఇగ నీ సదువు జోలికి ఎవ్వల్ని రానియ్య. లేకుంటే, బిడ్డా, నేను గూడ బీఎడ్ అనే అంట."

బాపు నవ్వుతూనే అన్నాడు కానీ నేను లెక్క వేసుకున్నాను. మూడు నెలల గీతలు, మూడు నెలల సున్నాలు, అన్నీ ఒక్క ఫ్లెక్సీ మీద వేలాడుతున్నాయి.

ఆయన కోరికల జాబితా చిన్నదేం కాదు. "పైన వినాయకుడు, లక్ష్మమ్మ, మార్కండేయ సామి. నడుమ నా ఫోటో, గులాబి అంగీది. సుట్టూత మీ పెద్దనాయిన, మామలు, బామ్మర్దులు. కింద రెండు ఏనుగులు."

"గిర్నికి ఏనుగులెందుకు బాపూ?"

"నిండుగ కొడ్తది."

నేను లాప్‌టాప్ తెరిచాను. తెరవగానే చెవిలో సారు గొంతు: తీసెయ్. ఏనుగుల్ని తీసేశాను. దేవుళ్లకు దండం పెట్టి తీసేశాను. బామ్మర్దుల్ని మొహమాటం లేకుండా తీసేశాను. గులాబి అంగీ ఒక్కటి మిగిలింది. అది దేనితోనూ కలవదు. అందుకని ఫోటోకు రంగంతా తీసి తెలుపూ నలుపూ చేశాను. నిజం చెప్పాలంటే, అప్పుడు బాపు ముఖం ఎంత బాగుందంటే నేను కాసేపు పని ఆపి చూస్తూ కూర్చున్నాను. నుదుటి మీది గీతలన్నీ తేలాయి. ఆ ముఖాన్ని అంతసేపు చూడటం నాకు అదే మొదటిసారి. భివండికి వెళ్లే మనిషిని ఎవరైనా ఎంతసేపు చూస్తారు?

చుట్టూ తెల్లటి ఖాళీ జాగా వదిలాను. ఫోటో కింద బంగారు రంగులో ఒకే ఒక్క గోధుమ గింజ, మొన పైకి ఉండేలా. దాని కింద "శ్రీ రాజమల్లు గారు." ఆ కింద రేపటి తారీఖు, ఉదయం తొమ్మిది గంటలు, అందరూ రావాలని మనవి. గిర్ని పేరు అన్నింటికన్నా అడుగున, సన్నటి అక్షరాల్లో, లేత బూడిద రంగులో. స్క్రీను మీద ఎంత నాజూగ్గా ఉందో! రోడ్డు మీద కట్టాక ముక్కు ఆనించి చూస్తే కనబడింది.

"బాపూ, ఒక్కసారి చూడు."

"అచ్చయినంక సూస్త తియ్యే. బెల్టు ఎక్కుతలేదు గీడ."

పాత బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు కొట్టే శీనన్న ఉన్నాడు. రోజుకు వంద కొడతాడు, ఒక్కటీ చదవడు. నా ఫైలు తెరవగానే ఆయన ముఖం మారిపోయింది. లేచి తన కుర్చీ నాకిచ్చాడు, మంచినీళ్లు తెప్పించాడు.

"మన ఇంటి మనిషేనా చెల్లె?"

"మా బాపు అన్నా. మాపటికల్లా కట్టాలె."

"నువ్వేం ఫికర్ వెట్టుకోకు. రెండు బర్త్‌డేలున్నయి, అవి పక్కకు వెట్టి ముంగట నీదే కొడ్త. బస్టాండు కాడ నేనే దగ్గరుండి కట్టిస్త. ధైర్నంగుండు చెల్లె."

ఆరు నెలల్లో నా పనికి ఇంత మర్యాద ఎవరూ ఇవ్వలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి శీనన్న నా తల మీద చెయ్యి పెట్టి, "ఏడ్వకు చెల్లె, మన చేతుల ఏమున్నది" అన్నాడు. కళ అంటే ఎంత వినయం ఈ మనిషికి అనుకున్నాను.

సాయంత్రం బస్టాండు మూల మీద ఒకటి, గిర్ని ముందు ఒకటి కట్టారు. బాపు మాత్రం రాత్రంతా లోపల బెల్టుతోనే కుస్తీ పడుతూ గడప దాటలేదు. ఎర్ర, పచ్చ, నీలం ఫ్లెక్సీల మధ్య నాది ఒక్కటే తెల్లగా మెరిసింది. ఇద్దరు ముసలాయనలు దాని ముందు ఆగారు. ఒకాయన నిట్టూర్చి తల మీది రుమాలు తీశాడు. ఖాళీ జాగా మనిషిని ఎలా నిలబెడుతుందో చూశారా అని నేను మురిసిపోయాను.

మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. తెలియందల్లా నాకే. మా దగ్గర బతికున్న మనిషి ఫ్లెక్సీలో రంగుల్లోనే ఉంటాడు, పదిమంది మధ్యలోనే ఉంటాడు. ఒక్కడే మనిషి, రంగు లేని ఫోటో, చుట్టూ తెలుపు, కింద దీపంలా ఒక పసుపు మొన, తారీఖు, టైము ఉంటే దానికి ఒకటే అర్థం. అక్షరం ముక్క రాని అవ్వ కూడా కదిలే బస్సులోంచి చదివేస్తుంది. సిద్దిపేటలో పుట్టి పెరిగిన నాకు ఆ చదువు ఆరు నెలల్లోనే పోయింది. గోరంత గింజ, కొండంత ఏడుపు.

మర్నాడు పొద్దున్నే బాపు మిషను నడిపి చూద్దామని ఇంట్లో గోధుమలన్నీ పోసి గిర్ని ఆన్ చేశాడు. ఆ మోతలో మేకుకు తగిలించిన చొక్కా జేబులో ఫోను మోగినా వినపడలేదు. అమ్మ ఫోను ఎప్పట్లాగే చార్జింగు లేక పడి ఉంది. నేను ముగ్గు పక్కన మెరిసే కాగితపు చెమ్కీ పూలు పేరుస్తున్నాను.

తొమ్మిదికి కాస్త ముందు ఆటో ఆగింది. నంగునూరు మేనత్త, బాపు చెల్లెలు, దిగింది. గిర్ని ముందు ఫ్లెక్సీ చూసింది. అంతే, మెట్ల మీద కూలబడింది.

"ఓ అన్నా! ఇరవై రెండేండ్లు ఆడనే ఉంటివి, వచ్చి నెల గాకపాయె, అప్పుడే ఇడిసి పోతివా అన్నా! నాకు జెరమొస్తే రెండు రైళ్లు మారి వస్తివి గదనే అన్నా!"

వెనక ఇంకో ఆటో. దాని వెనక ట్రాలీ. చూస్తుండగానే రోడ్డంతా జనం. ఒకాయన చేతిలో చక్రమంత పూలదండ. పెద్దనాయిన స్కూటరు స్టాండు కూడా వెయ్యకుండా వదిలేసి, "తమ్మీ!" అంటూ వచ్చాడు.

"అత్తా, ఏమైంది?" అన్నాను.

అత్త నన్ను కావలించుకుంది. "ఇగ నీకెవలు దిక్కు బిడ్డా!"

"నాకేమైంది?"

"పోరికి ఇంక సోయి రాలె" అన్నారు వెనక నుంచి ఎవరో.

అప్పుడు గిర్ని మోత ఆగింది. లోపల్నుంచి బాపు వచ్చి గడపలో నిలబడ్డాడు. నెత్తి నుంచి పాదాల దాకా తెల్లటి పిండి. కనుబొమ్మలు, మీసాలు, ఆఖరికి కనురెప్పలు కూడా తెలుపే.

ఏడుపులు టక్కున ఆగాయి. అత్త ఒకసారి ఫ్లెక్సీని చూసింది, ఒకసారి బాపును చూసింది, కేకపెట్టి పెద్దనాయిన వెనక దాక్కుంది. పెద్దనాయిన దండ తెచ్చిన ఆయన వెనక దాక్కున్నాడు. ఆయనకు దాక్కోవడానికి ఎవరూ లేక దండనే అడ్డం పెట్టుకున్నాడు.

"ఏందే చెల్లె, ఎవలు పోయిన్రు?" అన్నాడు బాపు.

అత్త పెద్దనాయిన భుజం మీంచి వేలు చూపించింది. "నువ్వేనే అన్నా!"

"నేనా? ఎప్పుడు?"

"నిన్ననే. బస్టాండు కాడ ఫ్లెక్సీ వడ్డది."

బాపు మెట్లు దిగి ఫ్లెక్సీని మొదటిసారి చూశాడు. చాలాసేపు చూశాడు. "నా గులాబి అంగి ఏమాయెనే?" అన్నాడు చివరికి.

జనం నవ్వాలో ఏడవాలో తెలియక అటూ ఇటూ చూశారు. ముందుగా తేరుకున్నది పెద్దనాయినే. "సూసినవా తమ్మీ? బతికున్నోన్ని సంపుడు నేర్పుతున్నరు ఆడ! ఇంకేం సదివిస్తవు? రేపే పేరు కొట్టేపిచ్చి డిగ్రీల ఎయ్యి!"

నేను ముగ్గు పక్కనే చతికిలబడ్డాను. డిగ్రీ అయితే డిగ్రీ, కనీసం అక్కడ సున్నాలు గీయించరు అనిపించింది. సిగ్గుతో ఏడుపొచ్చింది. ఈసారి ఓదార్చడానికి శీనన్న కూడా లేడు.

ఇంతలో పూజ చేయించే అయ్యగారు వచ్చి ఇంకో పేచీ పెట్టాడు. ఏడవడానికి వచ్చినవాళ్లు తల మీద నీళ్లు పోసుకోకుండా శుభకార్యంలో కాలు పెట్టకూడదట.

"సావే లేదు, ఇగ మైలేందయ్యగారు?" అంది అత్త.

"ఏడ్చిన్రా లేదా?"

ఏడ్చారు మరి. నల్లా దగ్గర బకెట్లు పెట్టారు. అరవై మంది వరసగా తలలు తడుపుకున్నారు. పూలదండ వాపసు తీసుకోరు కాబట్టి దాన్ని మిషనుకు వేశారు.

ఆ సందడంతా బాపు మెట్ల మీద కూర్చుని చూస్తున్నాడు. "గింత మందా?" అన్నాడు మెల్లగా. "నన్ను ఎవలు యాది వెట్టుకోలేదనుకున్న."

"నిన్నెట్ల మరుస్తమే అన్నా?" అని అత్త తడి జుట్టుతో పక్కన కూర్చుంది. బాపు చెంపల మీది పిండిలో రెండు సన్నటి గీతలు పడ్డాయి.

కాసేపటికి ముక్కు తుడుచుకుని తల తిప్పాడు. "అన్నా, మొన్న నీ కొత్తింటి పూజకు ముప్పై మంది ఫోటోలు వెట్టి ఫ్లెక్సీ కట్టినవు. ఎంతమంది వచ్చిన్రు?"

పెద్దనాయిన తువ్వాలతో తడి తల గట్టిగా తుడుచుకున్నాడు.

"చెప్పన్నా."

"ఇరవై."

"ఫోటోలున్నోల్లే రాలె గదా! నా బిడ్డ ఒక్క ఫోటో వెట్టింది, నంగునూరు నంగునూరే దిగింది. సదువనియ్యి దాన్ని." తర్వాత నా వైపు వంగి గొంతు తగ్గించాడు. "కని బిడ్డా, మల్ల గిట్ల సంపకు."

ఆ వారమంతా గిర్ని దగ్గర క్యూ. బతికొచ్చిన మనిషిని చూసినట్టూ ఉంటుంది, పిండి పట్టించుకున్నట్టూ ఉంటుంది. ఓ మధ్యాహ్నం ఒక ముసలాయన మిరపకాయల సంచి దించి, జేబులోంచి ఫోటో తీసి నా చేతిలో పెట్టాడు.

"గా తెల్ల ఫ్లెక్సీ జేసింది నువ్వేనా బిడ్డా? మస్తుగున్నదే. నాది గూడ గట్లనే జేసి వెట్టు. నా కొడుకులకు ఇడిసివెడితే నా ఫోటో చిన్నగ వెట్టి, వాండ్లయి పెద్దగ వెట్టుకుంటరు."

"మీరు మంచిగనే ఉన్నరు గదా తాతా?"

"ఉన్న. తారీఖు జాగ ఖాళీ ఇడువు."

అందుకని, తిరుగుతున్న గిర్ని సాక్షిగా, కారం ఘాటుకు కళ్లు మండుతుండగా ప్రమాణం చేస్తున్నాను: ఊపిరి ఆడుతున్న ఏ మనిషి ఫోటోకూ ఈ జన్మలో రంగు తీయను. తాత సంగతి మాత్రం వేరు. ఆయన నా మొదటి కస్టమరు, పైగా తొందరేం లేదన్నాడు.