స్టేషనుకు వెళ్లని జడ్జి

కేందుపడా కోర్టులో జడ్జి కుముదిని భోయి మొండిఘటమని ఊరంతా ఎరుగును. పై కోర్టు నుంచి తనిఖీ జడ్జి వస్తున్నారంటే జిల్లాలోని జడ్జీలంతా పూలగుత్తులు పట్టుకుని రైల్వే స్టేషనులో నిలబడాలి. ఏ చట్టంలోనూ లేదు, అయినా తప్పితే ముప్పే. కుముదిని ఒక్కసారీ వెళ్లలేదు. కొండ దిగి వచ్చిన సాక్షిని వరండాలో పడేసి ప్లాట్‌ఫారం మీద పళ్లికిలించడం ఆమెకు చేతకాదు. అందుకే ఏటా ఆమె సర్వీసు రికార్డులో ‘క్రమశిక్షణ లేదు’ అన్న మాట చేరుతూ వచ్చింది. లంచం సంగతి మాత్రం ఎవరూ రాయలేకపోయారు. ఉంటే కదా రాయడానికి!

యాభై నిండగానే ఆ మాటలన్నీ పోగేసి నిర్బంధ పదవీ విరమణ ఇచ్చారు. ఉత్తర్వు పట్టుకుని జిల్లా కోర్టు ఉద్యోగి, నాజరు ధనుర్జయ బాబు వచ్చేసరికి కోర్టు నడుస్తోంది. కాగితం చేతికందితే ఆమె ఇక జడ్జి కాదు. ఎదురుగా ముసలి గురుబారి మాఝీ నిలబడి ఉంది. ఆమె పొలాన్ని బియ్యం మిల్లు యజమాని కలిపేసుకున్నాడు. తీర్పు రాసి సిద్ధంగా ఉంది, చదవడమే తరువాయి. ఇప్పుడు ఆగితే కొత్త జడ్జి ముందు వాదనలు మళ్లీ మొదటికొస్తాయి. అంతదాకా ముసలమ్మ బతకొద్దూ!

మిల్లు వకీలుకు ఉత్తర్వు సంగతి ముందే ఉప్పందింది. లేచి వినయం ఒలకబోశాడు.

“అమ్మగారూ, ఒక్క వాయిదా ఇప్పించండి. ఒంట్లో బాగోలేదు.”

“కూర్చోండి బాబూ. వినడానికి ఒంట్లో బలం అక్కర్లేదు.”

నాజరు కవరు చాపాడు. “అమ్మా, అర్జెంటు...”

“కోర్టు లేచాక నా గదిలో ఇవ్వండి. అదిగో, బెంచీ ఖాళీగా ఉంది.”

“జిల్లా జడ్జిగారు నన్ను చంపేస్తారమ్మా!”

“ఆయన తనిఖీ జడ్జి కోసం పూలు పట్టుకుని స్టేషన్లో ఉన్నారుగా. తిరిగొచ్చాక చంపుతార్లే.”

హాలంతా గొల్లున నవ్వింది. నాజరు నవ్వు దాచుకుంటూ బెంచీ మీద చతికిలబడ్డాడు.

ఆమె తీర్పు చదివింది. పొలం గురుబారిదే. సంతకం చేసి, లేచి, గదిలోకి వెళ్లాకే కవరు అందుకుంది. చదివేసరికి ఒళ్లు మండింది.

బంట్రోతు ఖగేశ్వర్ కళ్లు తుడుచుకుంటూ అడిగాడు. “ఇంటికి రిక్షా పిలవనా అమ్మా?”

“ఇంటికి కాదు, స్టేషనుకి.”

“ఇప్పుడెళ్లి పెద్దాయనకి దండం పెడతారా?”

“దండమా! ఆయన దిగిన రైలే తిరిగి వెళ్తుంది. అదెక్కి పోయి పై కోర్టులోనే ఈ కాగితం మీద కేసు వేస్తా. పూలు మాత్రం కొననురా.”