సీసాలో ఏముంది?

నా భార్య చేత నిద్ర మాత్రలు మాన్పించి గంజాయి చుక్కలు వేయించారు. సీసా మీద ఏది ఎంత ఉందో రాయలేదు. ఆమె ఇప్పుడు లేచి నడవలేదు.

వయసు, అంటారు మా చిల్కానగర్‌లో అందరూ. ఆ వయసు ఆమెకు చుక్కలు వేసుకోకముందు కూడా ఉంది. అప్పుడు బిందెడు నీళ్లు ఎత్తేది.

మోకాళ్ల నొప్పులతో ఆమెకు ఏళ్లుగా సరైన నిద్ర లేదు. హబ్సిగూడ మెట్రో దగ్గర కొత్తగా పెట్టిన మందుల దుకాణానికి తీసుకుపొమ్మని తనే పట్టుబట్టింది. అక్కడ కూర్చున్న డాక్టరమ్మ తియ్యగా చెప్పింది.

"గంజాయి ఆకుల ఇది జరంతనే ఉంటదమ్మా. సీబీఎన్ అంటరు. మత్తు రాదు, నిద్ర వస్తది. మీ మాత్రలు ఇయ్యాల్నే బంద్ చెయ్యండి."

నేను వద్దన్నాను. నా భార్య వినలేదు.

"పాతాకు సంగతి నాకు జెప్తవా? ఏడాది అటక మీద పెట్టిన గంజాయాకు, కడుపునొప్పి లేసిన ఎద్దుకు మా నాయిన బెల్లంల పెట్టి మింగిస్తుండె. గమ్మున పండుకుంటుండె."

"నువ్వు ఎద్దువా?"

"ఇన్నేండ్ల సంది నీ బండి గుంజుతున్న. ఇంకేంది మరి?"

డాక్టరమ్మ కూడా నవ్వింది. సీసా మా సంచీలో పడింది.

నాది ఏడో తరగతి చదువు. నాచారంలో బాయిలర్ దగ్గర పనిచేస్తూ, దొరికిన కాగితమల్లా చదివి నేర్చుకున్నవాణ్ని. దీన్ని కూడా ఫోనులో కూడబలుక్కుని చదివాను. గంజాయిలో మత్తెక్కించే పదార్థమే గాలి, వెలుతురు తగిలి పాతబడితే కొంత సీబీఎన్‌గా మారుతుంది. మా మామగారు ఆకును ఏడాది పాటు అటక మీద ఎందుకు ఉంచేవారో అప్పుడు అర్థమైంది. నిద్రకూ నొప్పికీ పనికి రావచ్చని పరిశోధిస్తున్నారు, ఇంకా గట్టిగా తేలలేదు. పనికి వస్తే మంచిదే. ఆ మొక్క మీద నాకు పగ లేదు. కానీ మారకుండా మిగిలిన మత్తు ఆ సీసాలో ఎంత?

ఉప్పల్‌లో పొలాలున్న రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. పాతాకు మింగించిన ఎద్దును ఒంటరిగా వదిలేవారు కాదు. దానంతట అది లేచి మేత ముట్టేదాకా ఒక మనిషి పక్కనే కూర్చునేవాడు. నా భార్యకు ఎద్దు పడుకోవడం గుర్తుంది, కాపలా గుర్తులేదు. అమ్మినవాళ్లు ఆ మాటే ఎత్తలేదు.

మొదట్లో నిద్ర పట్టింది. అబద్ధమెందుకు, ఆమె గురక వింటే నాకే హాయి అనిపించింది. తర్వాత తర్వాత పొద్దున లేచాక కూడా మాట ముద్దగా వచ్చేది, అడుగు తూలేది. ఒకరోజు ఉదయం నల్లా వచ్చిందని బిందె అందుకోబోయి వాకిట్లో పడింది. తుంటి విరిగింది.

దవాఖానాలో ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే డాక్టరు సీసాను తిప్పి తిప్పి చూశాడు. "దీంట్ల ఏమున్నది, ఎంతున్నది పెద్దాయనా? తెల్వకుండ నేనెట్ల మత్తియ్యాలె?"

దుకాణానికి ఫోన్ చేశాను. "అంతా నేచురల్ అంకుల్" అని డాక్టరమ్మ పెట్టేసింది. ఆ మందు ఒంట్లోంచి పోవాలని ఆపరేషన్ వాయిదా వేశారు. విరిగిన ఎముక కదలకుండా కాలికి బరువు కట్టించుకుని ఆమె అన్ని రోజులూ అరిచింది. చివరికి ఆపరేషన్ అయింది, నడక రాలేదు.

ఇంటికొచ్చాక నాతో అన్నది ఒకటే: "పోయి అడిగిరా. నా కర్మనా, వాళ్ల మందా? తెల్సుకోని సస్త."

సీసా అడుగున సన్నటి అక్షరాల్లో నాచారం చిరునామా ఉంది. నేను పనిచేసిన సందుకు అవతలి షెడ్డే. వెళ్లినప్పుడల్లా గేటు దగ్గరే ఆపారు. నేను కదలనని తేలాక యజమాని బయటికి వచ్చాడు. నా కొడుకు వయసు ఉంటుంది. ఇంట్లో మనిషి మంచాన పడిందని చెప్పి, ఇందులో సీబీఎన్ ఎంత, మత్తు ఎంత అని అడిగాను. అతను సీసా అందుకుని, నా మొహం చూడకుండా చెప్పాడు:

"మేం తయారు జెయ్యం పెద్దనాయినా. నూనె డబ్బాలల్ల వస్తది, గీ సీసాలల్ల నింపుతం. పంపినోడు సీబీఎన్ అన్నడు, గదే లేబుల్ ఏసినం. పరీక్ష జేపియ్యలె. ఎంతున్నదో నాకు ఎర్కలేదు. మా అమ్మకు గూడ గదే ఇస్తున్న."