శనివారం పిడికెడు

నేను చాలా దేశాలు తిరిగాను. అన్నీ షేర్ ఆటోలోనే, వెనక్కి తిరిగి కూర్చునే సీట్లో.

చోడవరంలో ఎక్కి రావికమతం వైపు వెళ్ళేటప్పుడు ఆ వెనక సీటు ఎవరికీ అక్కర్లేదు. దుమ్ము కొడుతుంది, గోతి వస్తే నడుం విరుగుతుంది. నాకు మాత్రం అదే కావాలి. ముందుకు చూసేవాళ్ళకు రాబోయే ఊరు కనిపిస్తుంది. నాకు దాటిపోయిన ఊరు మెల్లగా చిన్నదవుతూ కనిపిస్తుంది. చెరకు తోటలు రెండు వైపుల నుంచీ వచ్చి దూరంగా కలిసిపోతాయి. పొలాల్లో ఎక్కడో బెల్లం వండుతుంటారు, ఆ వాసన ఒక మలుపు దగ్గర మొదలై ఇంకో మలుపు దాకా వెంట వస్తుంది. కళ్ళు సగం మూసుకుంటే చాలు, అది మా మండలం కాదు, పేరు తెలియని ఏదో దేశం. మంచులో కొండలు, కొండల అవతల సముద్రం, సముద్రం మీద ఓడ, ఓడలో నేను. ఇంతలో పక్కనున్నావిడ "ఏ ఊరమ్మా మీది? పెళ్ళయిందేటి?" అంటుంది. ఓడ మునిగిపోతుంది.

ప్రార్థన కూడా నేను ఎక్కువగా ఆ సీట్లోనే చేశాను. మందిరంలో కళ్ళు మూసుకుంటే నాకు నిద్రొస్తుంది, దేవుడు క్షమించాలి. ఆటోలో కళ్ళు తెరిచి చేస్తాను. కనిపించినవన్నీ అందులోకి వచ్చేస్తాయి. ప్రభువా, ఆ చెరకు ట్రాక్టరు మా మీదికి ఒరగకుండా చూడు. ప్రభువా, గట్టు మీద ఒంటరిగా నడుస్తున్న ఆవిడ ఎక్కడికి వెళ్తోందో అక్కడికి చేర్చు. నన్ను కూడా ఎక్కడికైనా చేర్చు. ఎక్కడికో నాకే తెలియదు, నువ్వే చూసుకో. ఇలా అంటుండగానే దిగాల్సిన చోటు వచ్చేస్తుంది, ఆమేన్ చెప్పడం మర్చిపోయి దిగిపోతాను.

ఈ ప్రయాణాలు నా అంతట నేను పెట్టుకున్నవి కావు, అమ్మ పెట్టినవి. మా సంఘంలో ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. అన్నానికి బియ్యం తీసినప్పుడల్లా, కడగకముందే అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే సంచిలో వేస్తారు. అది దేవుడిది. ఆదివారం ఆ సంచులన్నీ మందిరంలో ఒకే గంగాళంలో పోస్తారు. ఎవరింట్లో పొయ్యి వెలగడం కష్టంగా ఉంటే ఆ బియ్యం వాళ్ళకు వెళ్తుంది. ప్రతి ఆదివారం రాలేని దూరపు ఊళ్ళవాళ్ళ సంచులు అమ్మే శనివారాలు తిరిగి తెచ్చేది. ఆవిడ మోకాళ్ళు మొరాయించాక ఆ పని నా నెత్తిన పడింది. నేను చోడవరంలో ఒక చిన్న స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతాను, శనివారం ఒంటిపూట. కుదరదని మొహం మాడ్చుకున్నాను.

"ఇంకేటి పనుంది నీకు? ఫోన్లో ఊళ్ళు సూసుకోడమే కదా. ఎల్లి నిజం ఊళ్ళు సూడు" అంది అమ్మ.

అలా నాలుగిళ్ళు నా వంతుకొచ్చాయి. చివరిది రావికమతం దాటాక, రోడ్డు దిగి చెరకు తోట పక్కన కొంచెం నడిస్తే వచ్చే మామ్మ ఇల్లు. చుట్టం కాదు, మా సంఘం మనిషి. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఊడ్పులకీ చెరకు కొట్టడానికీ వెళ్ళి బతికిన మనిషి. ప్రతి నెలా మొదటి ఆదివారం మాత్రం తెల్లచీర కట్టుకుని, ఆటో ఎక్కి చోడవరం మందిరానికి వస్తుంది. ఆ రోజు మాకు ప్రభువు బల్ల, అంటే అందరం రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన. ఎడమవైపు గోడ వారన చాప మీద ఆమె చోటు. అక్కడ ఇంకెవరైనా కూర్చుంటే, ఏమీ అనదు, వాళ్ళు లేచేదాకా పక్కనే నిలబడుతుంది.

మామ్మ ఇంటికి వెళ్ళడమంటే మొదట్లో విసుగనిపించినా, పోనుపోను అదే నా అసలు ప్రయాణమైంది. పాత జాకెట్టు గుడ్డతో కుట్టిన సంచి ఇచ్చేది, ఖాళీది తీసుకునేది. అరుగు మీద కూర్చోబెట్టి, ఆటోలో నేను ఏ దేశం వెళ్ళొచ్చానో అడిగేది. నేను ఓడ సంగతి చెప్పేదాన్ని. "ఓడలో భోజనాలెడతారేటి?" అనేది. పెడతారంటే "అయితే ఫర్లేదు" అనేది. వెళ్ళేముందు నా నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. రోడ్డు మీద ఆటో హారన్ మోగుతున్నా ఆమె ఒక్క ముక్క తగ్గించేది కాదు. ఆ గరుకు చెయ్యి నెత్తి మీద ఉన్నంతసేపూ నాకు ఏ దేశమూ వెళ్ళాలనిపించేది కాదు.

క్రిస్మస్ వెళ్ళిపోయి, మా గుమ్మానికి కట్టిన కాగితపు నక్షత్రం వెలిసిపోతున్న రోజులవి. ఒక శనివారం నేను వెళ్ళేసరికి మామ్మ పెరట్లో ఉంది. దాహమేసి కుండ కోసం లోపలికి వెళ్ళాను. పొయ్యి మీద గిన్నెలో చోడి అంబలి ఉంది. చోళ్ళంటే రాగులు, ఆ పిండితో కాచిన జావ. పక్కన బియ్యం డబ్బా మూత తీసి ఉంది, అడుగున నాలుగు గింజలు. జ్వరం వచ్చి చాలా రోజులుగా పనికి వెళ్ళలేదని అప్పుడు తెలిసింది. కానీ గోడకు వేలాడుతున్న జాకెట్టు గుడ్డ సంచి మాత్రం ఎప్పటిలాగే బరువుగా ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. మామ్మ మీదా, దేవుడి మీదా, నా మీదా? ఆమె అంబలి తాగుతూ దాచిన బియ్యాన్ని నేను ఓడ కలలు కంటూ మోసుకుపోతున్నాను. ఆ రోజు తిరుగు ప్రయాణంలో కొండలూ కనిపించలేదు, సముద్రమూ కనిపించలేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని ఏడుపు మింగుతూ కూర్చున్నాను.

మర్నాడు ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారితో చెప్పాను. "తీసుకెళ్ళమ్మా, అందుకేగా ఆ బియ్యం" అన్నారు. గంగాళంలోంచి ఒక సంచి నిండా పోసుకుని దాచాను. అమ్మకు చెప్పలేదు. మంచిపని చేసేటప్పుడు నాకు కాస్త గొప్ప, ఒక్కదాన్నే చెయ్యాలని.

తర్వాతి శనివారం ఆ సంచి మామ్మ ముందు పెట్టి, "అమ్మ పంపింది మామ్మా, మా ఇంట్లోవే. ఇంకనుంచి నువ్వు పిడికెడు తియ్యకు. నీకే లేదు కదా" అన్నాను. అబద్ధం చక్కగా వచ్చింది. దారంతా అప్పజెప్పుకుంటూ వచ్చాను మరి.

మామ్మ చేట తెచ్చి, గుప్పెడు బియ్యం అందులో పోసి, వెలుగు వైపు వంచి చూసింది. వేలితో గింజల్ని అటూ ఇటూ జరిపింది.

"మీయమ్మ ఏ బియ్యం ఒండుతాది?"

"సన్నబియ్యం."

"మరి ఇందులో సన్నాలున్నాయి, లావున్నాయి, రేషన్‌వి ఉన్నాయి, ఉప్పుడు బియ్యం ఉన్నాయి. ఇన్ని రకాలు ఒక్కింట్లో ఎవులు ఒండుతారే గుంటా? ఇవి మందిరం బియ్యం."

పదిళ్ళ పిడికిళ్ళు కలిసిన బియ్యం ఎవరికైనా తెలిసిపోతాయని నాకెందుకు తట్టలేదో! చిన్నప్పటినుంచి ఆ గంగాళం చూస్తున్నదాన్నే కదా. మామ్మ చేటలోవి సంచిలో పోసేసి, మూతి కట్టి, గోడ వారన పెట్టింది.

"ఆటో ఎల్లిపోద్ది. ఎల్లు" అంది.

నేను నిలబడ్డాను. నెత్తి వంచాను కూడా. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. అంతవరకు ఎవరూ నన్ను కొట్టకుండా అంత గట్టిగా కొట్టలేదు.

మర్నాడు మొదటి ఆదివారం. ఎడమవైపు గోడ వారన చాప ఖాళీగా ఉంది. రొట్టె పళ్ళెం ఆ వరుసలోకి వచ్చి, ఆ చోటు దాటి ముందుకు వెళ్ళిపోయింది. జ్వరం తిరగబెట్టిందేమో అనుకోవాలని చాలా ప్రయత్నించాను. కాదని నాకు తెలుసు. మామ్మ ఇంక రాకపోతే? ఈ మందిరంలో తనకు చోటు లేదనుకుని, ఆ అంబలి గిన్నె ముందు ఒంటరిగా ఉండిపోతే? అది నా చేతులతో నేనే చేసిన పని.

ఇంటికొచ్చాక అమ్మకు అంతా చెప్పేశాను. అమ్మ మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది.

"బియ్యం ఇచ్చేవు, బాగుంది. ఇయ్యొద్దని ఎందుకన్నావే? దానికి తోడు అబద్ధమొకటి! బుర్రుందా నీకు?"

"ఆమెకే తిండి లేదమ్మా!"

"నాకు తెల్దనుకున్నావా? ఎల్లినపుడల్లా ఏదో ఒకటి పెట్టి వచ్చీదాన్ని. కూరలనీ, నూకలనీ, నా పేరు సెప్పే ఇచ్చీదాన్ని. ఆవిడ సంచి మాత్రం కళ్ళకద్దుకుని తెచ్చీదాన్ని."

వారమంతా అమ్మతో మాట్లాడలేదు. నేనేం దొంగతనం చేశానా? ఆకలిగా ఉన్న మనిషికి అన్నం ఇవ్వడం తప్పెలా అవుతుంది? అని గోడలతో వాదించుకున్నాను. దేవుడితోనూ వాదించాను. ఆయన ఎప్పటిలాగే ఊరుకున్నాడు. శనివారం నాటికి నా వాదనంతా అరిగిపోయి, ఖాళీ చాప ఒక్కటే మిగిలింది.

స్కూలు వదలగానే భోజనం కూడా చెయ్యకుండా ఆటో ఎక్కాను. పొద్దుటి మంచు విడిపోయింది. చెరకు కొట్టేసిన పొలాలు బోడిగా ఉన్నాయి. ఏమని చెప్పాలో కూడబలుక్కుంటూ, మాటలన్నీ దారిలోనే పోగొట్టుకుంటూ వెళ్ళాను. నా జన్మలో అంత దూరం ఎప్పుడూ ప్రయాణం చెయ్యలేదు.

మామ్మ అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఏటి, మళ్ళీ తెచ్చేవా?" అంది.

"తప్పయిపోయింది మామ్మా. నీతో అబద్ధం చెప్పేను" అన్నాను. ఇంకేదో అనబోతే ఏడుపొచ్చేసింది.

మామ్మ నెమ్మదిగా అంది. "ఒసే, ఇను. గవర్నమెంటోళ్ళు బియ్యం ఇస్తారు, పుచ్చుకుంటాను. పింఛనీ ఇస్తారు, పుచ్చుకుంటాను. పక్కింటామె కూరెడతాది, పుచ్చుకుంటాను. పొద్దుగూకులూ పుచ్చుకునీదాన్నే. ఆ పిడికెడు తీసినపుడే నాను ఇచ్చీదాన్ని. అదీ తియ్యొద్దన్నావు. మరి నానేటైపోవాలి?"

ముక్కు తుడుచుకుంటూ నిలబడ్డాను. అప్పుడు నా కడుపు నా పరువు తీసింది, గుర్రుమని గట్టిగా మోగింది.

మామ్మ తలెత్తింది. "తిన్నావా?"

"లేదు."

"సాల్లే సంబడం! తిండి తినకుండా ఇంత దూరం వచ్చేవేటి? మీయమ్మకి బుద్ధి నేదు, నీకూ నేదు. రా లోపలికి."

గోడ వారన నేను తెచ్చిన సంచి కట్టిన ముడి కట్టినట్టే ఉంది. వారం రోజులూ ఆమె దాన్ని ముట్టలేదు. ఇప్పుడు ముడి విప్పి, చేటలో బియ్యం పోసింది. రాళ్ళేరింది. కడగబోతూ ఆగి, ఒక పిడికెడు తీసి, గోడకున్న జాకెట్టు గుడ్డ సంచిలో వేసింది.

ఆగలేకపోయాను. నా నోరు ఎప్పుడు ఆగింది గనక! "అవి మందిరం నుంచి వచ్చినవే కదా మామ్మా. మళ్ళీ మందిరానికేనా?"

"మందిరంలో ఉన్నపుడు మందిరంవి. నా గుమ్మం దాటి వచ్చినాక నావి. నావి కాబట్టే నీకు ఒండుతన్నాను. నావి కాబట్టే దేవుడికి తీస్తన్నాను. కాదేటి?"

"అవును మామ్మా."

అన్నం దారుణంగా ఉడికింది. అన్ని రకాలు ఒక్కసారి ఉడుకుతాయా? కొన్ని గింజలు ముద్దయిపోయాయి, కొన్ని పంటికింద పలుకు. చింతపండు పచ్చడి, పచ్చి ఉల్లిపాయ. ఆమె ఒక పళ్ళెంలో, నేను ఒక పళ్ళెంలో, ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. రెండోసారి పెట్టించుకున్నాను.

"రేపు మొదటి ఆదివారం కాకపోయినా వస్తాను. ఈపాలి అయ్యగారు ఇంటికొచ్చి బల్ల ఇచ్చెల్లారులే. అయినా నా సోట్లో ఎవుల్నీ కూకోనీకు" అంది చేయి కడుక్కుంటూ.

రోడ్డు మీద ఆటో హారన్ మొదలైంది. జాకెట్టు గుడ్డ సంచి నా చేతికిచ్చింది. అడుగున కొంచెమే ఉన్నాయి. నేను తల వంచాను. తడి చెయ్యి నెత్తి మీద పడింది. కళ్ళు మూసుకున్నాను, నిద్ర రాలేదు.

"పెబువా, ఈ గుంటకి ఊళ్ళు తిరగాలని ఆశ. తిప్పు తండ్రీ. ఓడెక్కించు. ఎక్కడికెల్లినా మోసుకెల్లి ఇచ్చీ బుద్ధి దీనికి ఎలాగూ ఉన్నాది. ఎవులింట్లో ఏటెడితే అది కూకోని తినీ బుద్ధి కూడా ఇయ్యి."

ఈసారి ఆమేన్ మర్చిపోలేదు.