రెండొందల అడుగులు

మా పక్కింటి మావయ్య పోయిన బుధవారం తెల్లవారుజామున పోయారు. పాల పాకెట్ల కోసం గుమ్మంలోకి వచ్చిన నాకు అత్తయ్యే ఆ మాట చెప్పింది, ఇవాళ కుళాయి రాలేదని చెప్పినంత మామూలుగా. చెప్పాక లోపలికెళ్ళి మంచం మీద కూర్చుని ఏడ్చింది.

ఆయన రైల్వేలో కీమేన్. రోజూ భుజాన సుత్తి వేసుకుని తన వాటా పట్టాల వెంట నడవాలి. పట్టాన్ని దాని కింద అడ్డంగా పరిచిన స్లీపరు దిమ్మెకు పట్టి ఉంచే ఇనుప కీలు ఎక్కడ వదులైతే అక్కడ కొట్టి బిగించాలి. ఖరగ్‌పూర్‌లో ఆ పని చేస్తూనే ముసలాయన అయ్యారు. దేన్నీ నోటిమాటగా నమ్మే మనిషి కాదు. వీధి తలుపు గడియ పడిందా అని అత్తయ్య అడిగితే, తనే వేసినా సరే మళ్ళీ లేచి వెళ్ళి తడిమి వచ్చేవారు. "సూసినాను. ఉంది" అనేవారు. నాకు తెలిసి ఆయన ఎక్కువగా వాడిన మాటలు ఆ రెండే.

నేను అదే ఊళ్ళో ఖరిదా పేటలో బడి పంతులమ్మను. రెండేళ్ళ కిందట జియోకాషింగ్ అనే ఆట గురించి ఆయనకు చెప్పాను. ఎవరో ఒక డబ్బా దాస్తారు, ఆ చోటు గుర్తులు ఫోన్లో పెడతారు. వెతికి కనుక్కున్నవాళ్ళు అందులోని పుస్తకంలో నాలుగు ముక్కలు రాసి, డబ్బాను మళ్ళీ అక్కడే పెట్టి రావాలి. చోటు మాత్రం ఎవరికీ చూపించకూడదు. నవ్వేస్తారనుకున్నాను. ఆయన కాసేపు ఆలోచించి, వెతకడం సంగతేమో గానీ మళ్ళీ అక్కడే పెట్టడం బాగుందన్నారు.

ఆ చలికాలం ఇద్దరం కలిసి నాలుగు స్టీలు డబ్బాలు దాచాం. ఒక్కో దానికి ఊళ్ళో చెప్పుకునే కథో, అక్కడ బతికే జీవో గుర్తు. మొదటిది ఊళ్ళోనే ఇందా అనే పేట వైపు. భీముడు హిడింబుణ్ణి చంపింది అక్కడేనని బెంగాలీలు చెబుతారు. రాక్షసుడి నెత్తురు ఇంకి నేల ఎర్రబడిందని కాగితం మీద రాయబోతుంటే మావయ్య ఆపారు.

"నెత్తురు కాదమ్మా, ఇనుము. మన పట్టాల్లో ఏటుందో ఈ నేల్లోనూ అదే ఉంది. కత కతలాగే రాయి, కింద ఇదీ రాయి."

రెండూ రాశాను. ఇంకో డబ్బా ఊరి బయట శాల్ చెట్ల అడవి అంచున, ఎర్రచీమలు ఆకులు కుట్టి గూడు కట్టిన కొమ్మ కింద పెట్టాం. ఆ చీమల్ని ఆయన అరగంట చూశారు. అచ్చం రైల్వే కూలీల గ్యాంగు పనేనట, మేస్త్రీ ఒక్కడే లేడట. నడకలో ఆయన ఎప్పుడూ నా వెనకే. వయసు కదా అని నేను అక్కడక్కడా ఆగేదాన్ని.

అయిదోది ఆయన ఒక్కరే దాచి వచ్చారు. ఫోను వద్దన్నారు. గుర్తు నోటితో చెప్పారు: ఆ అడవిలోనే పెద్ద చెదపుట్ట దగ్గర నుంచి పొద్దు గుంకే వేపు రెండొందల అడుగులు, నడిచే అడుగులు, అక్కడ నరికిన కొమ్మల మోళ్ళు రెండున్న శాల్ చెట్టు మొదట్లో.

మూడు ఆదివారాలు వెళ్ళాను. రెండు వందలు లెక్కపెట్టుకుని నడిస్తే ప్రతిసారీ వాగులోకి దిగుతున్నాను. చుట్టూ చూస్తే అన్నీ శాల్ చెట్లే, ఏ చెట్టుకు చూసినా మోళ్ళే. మూడోసారి ముళ్ళు గీసుకుని, విసుగెత్తి ఇంటికొచ్చి, ఎక్కడ పెట్టారో మీరే మరిచిపోయారన్నాను. డబ్బా ఉందనీ, నా నడక చూసుకోమనీ ఆయన అన్నారు. అంతటితో ఊరుకున్నానా? లేదు. మావయ్యకు మతిమరుపు మొదలైందని అత్తయ్యతో చెప్పాను, ఆయన వినేంత గట్టిగా. చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

ఆ వారంలోనే ఒక పొద్దున చెప్పకుండా ఎటో వెళ్ళి, మధ్యాహ్నానికి మట్టి కాళ్ళతో వచ్చారు. ఆయాసం ఉన్న మనిషి ఎండలో తిరగడమేమిటని అత్తయ్య తిట్టిన తిట్లు మా ఇంటిదాకా వినిపించాయి. తర్వాత నెలరోజులకే ఆస్పత్రి. చూడ్డానికి రెండుసార్లు వెళ్ళాను. డబ్బా ఊసు ఆయన ఎత్తలేదు. క్షమించమని నేనూ అడగలేదు.

సమాధి చేసి వచ్చిన మూడో రోజు, చర్చివాళ్ళు ప్రార్థన చేసి వెళ్ళాక, అత్తయ్య ఆయన చెప్పులు గుడ్డతో తుడుస్తూ కూర్చుంది.

"ఈయన్తోటి బజారుకెల్తే నాకు పేనం ఇసిగిపోయీది," అంది. "రోడ్డు మీద కూడా స్లీపరు మీద స్లీపరు నడిసినట్టే. సిన్న సిన్న అడుగులు. ఒక్కటి పెద్దదెయ్యమంటే ఎయ్యడు."

కలిసి అన్ని మైళ్ళు నడిచి, ఆయన వెనకబడుతున్నారనే అనుకున్నాను. ఆయన అడుగు ఎంతుంటుందో ఒక్కసారీ చూడలేదు.

ఆదివారం పొద్దున, డబ్బా కోసం వెళ్తున్నానని అత్తయ్యకు చెప్పి, ముందు రైలు కట్ట దగ్గరికి వెళ్ళాను. కంచె ఇవతల నిలబడి, స్లీపరుకూ స్లీపరుకూ ఉన్న దూరాన్ని కళ్ళతో కొలుచుకున్నాను. తర్వాత అడవికి. పుట్ట దగ్గర నుంచి అంత అడుగే వేస్తూ నడిచాను. రాత్రి పడిన వానకు నేల మెత్తగా ఉంది. రెండు వందలకు వాగు ఇంకా ముందే ఉంది. ఎదురుగా శాల్ చెట్టు, రెండు మోళ్ళు. మొదట్లో రాయి తీస్తే డబ్బా.

లోపల చిన్న నోటుబుక్కు. మొదటి పేజీలో నా పేరు రాసి, పక్కన ఖాళీ వదిలారు. కింద పెన్సిల్‌తో తేదీ వేసి, ప్రార్థన పుస్తకాలు చదివి నేర్చుకున్న ఆ గుండ్రటి తెలుగులో ఒక్క పంక్తి.

"చూసినాను. ఉంది."

అత్తయ్య తిట్టిన రోజు తేదీ అది. నా మాటకు తన మీద తనకే అనుమానం వచ్చి ఉంటుంది. ఆ ఆయాసంతో ఇంత దూరం వచ్చి, తడిమి చూసుకుని, మళ్ళీ అక్కడే పెట్టి వెళ్ళారు. వచ్చాక నాతో ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆటలో చోటు చూపించకూడదు కదా, చెప్పలేదు. నాకు సిగ్గేసింది. ఆ ఖాళీలో నేనూ ఆ రెండు మాటలే రాసి, డబ్బాను ఉన్నచోటే పెట్టి రాయి కప్పాను.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య అరుగు మీద ఉంది.

"ఉన్నదేటి?" అంది.

"చూసినాను అత్తయ్యా. ఉంది."

ఆవిడ నా కాళ్ళకేసి చూసింది. చీలమండల దాకా ఎర్రమట్టి. లేచి, ఆయన కాళ్ళు కడుక్కునే చెంబుతో నీళ్ళు తెచ్చింది.