సగిలేటి ఒడ్డున నేను చెప్పిన పేరు

ఒక ఆడమనిషి పేరు నేను పైకి పలికి చాలా ఏళ్లయింది. పలికితే నా ముఖం చూసి ఎవరైనా కనిపెడతారేమోనని భయం. మా ఊళ్లో ఆ పేరున్నవాళ్లను కూడా అక్కా, వదినా అని వరస పెట్టే పిలుస్తాను. మోసి మోసి అలిసిపోయాను. ఎవరికీ చెప్పనిది మీకు చెబుతున్నాను.

ఓబుళమ్మ.

కల్లు బందు చేసిన కాలం అది. మాది కోయిలకుంట్ల పక్క పల్లె. మా ఆయనకూ, ఆయన స్నేహితులు చెన్నారెడ్డికీ దస్తగిరికీ తాగి పడిపోయే అలవాటు లేదు. వాళ్లది రుచి పిచ్చి. రేగడి నేల కల్లు మేలా, ఎర్రనేల కల్లు మేలా అని పొద్దుగూకేదాకా వాదించుకునేవాళ్లు. ఆ చలికాలం బస్సులో బద్వేలు పక్కకు పోయి, సగిలేటి వెంబడి ఈతవనాలన్నీ తిరిగి రుచి చూడాలని బయలుదేరారు. మగవాళ్లే తిరిగితే పోలీసులకు అనుమానం వస్తుందని నన్నూ తీసుకుపోయారు. ఎవరడిగినా చెన్నారెడ్డి తమ్ముడికి పిల్లను చూడబోతున్నామని చెప్పాలి. అక్కడి బంధువుల గూడుబండి అడిగి తెచ్చి చెన్నారెడ్డే తోలాడు.

మొదట్లో నాకూ సరదాగానే ఉంది. వనం దగ్గర ఆగడం, వీళ్లు దొప్పలో పోయించుకుని గుక్కెడు తాగి కళ్లు మూసుకోవడం, పులుపెక్కిందనీ కుండ పాతదనీ తీర్పులు చెప్పడం. నేను చెనిక్కాయలు ఒలుచుకుంటూ బండిలో కూర్చునేదాన్ని.

మూడో వనం ఓబుళమ్మది. మొగుడు చెట్టు మీదున్నాడు. ఆమె చంకలో బిడ్డ. మా ఆయన బండి దిగగానే నవ్వింది. పేరు పెట్టి పలకరించింది. ఈ పక్కకెప్పుడూ రాలేదని నాతో చెప్పిన మనిషి పేరు ఆమెకెట్లా తెలుసు? మొదటి దొప్ప ఆయనకే ఇచ్చింది. ఇంత మంచిది ఎక్కడా తాగలేదన్నాడాయన. కల్లు గురించేనా ఆ మాట? అప్పటినుంచి నాకు చెనిక్కాయలు చేదయ్యాయి. ఆ బిడ్డ ముక్కు వంక చూశాను. చెవుల వంక చూశాను. ఏం వెతుకుతున్నానో నాకు తెలుసు.

తిరుగుదారిలో ఏటి ఒడ్డున బండి ఆపారు. దస్తగిరి బస్సు సంగతి కనుక్కుందామని ముందుగా ఊళ్లోకి నడిచాడు. మిగతా ఇద్దరూ వాసన పోయేలా నోరు కడుక్కోవడానికి ఏట్లోకి దిగారు. నేనొక్కదాన్నే ఉన్నాను. పోలీసు జవాను సైకిలు దిగాడు.

“యాడికి పోయొస్తాండారమ్మా?”

“పెండ్లికూతురును చూసేకి.”

అతను బండిలోకి వంగి వాసన చూసి నవ్వాడు. “మీవోళ్ల జోలికి పోనులే. యాడ తాగినారో చెప్పు. నీ పేరు బయటికి రాదు.”

తలుచుకున్న ప్రతిసారీ ఇక్కడే ఆగిపోతాను. మొగుణ్ని పట్టుకుపోతారన్న భయంతో చెప్పానా? అలా అనుకోగలిగితే ఎంత బాగుండును. మేం వేరే వనాలకూ పోయామే, అవేవీ నా నోటికెందుకు రాలేదు?

“ఆ వంకవతల ఓబుళమ్మ అని ఉండాది సామీ. ఆయమ్మను అడుగు.”

వాళ్లు తిరిగొచ్చి, జవాను ఏమడిగాడన్నారు. మంచినీళ్లడిగాడన్నాను.

కొన్నాళ్లకు కబురొచ్చింది. మేం వచ్చేసిన మర్నాడే పోలీసులు ఓబుళమ్మ వనం మీద పడి కుండలు పగలగొట్టారట. దొరికింది ఆమేనట. బిడ్డతో సహా జైల్లో పెట్టారట. తర్వాత ఆ కుటుంబం ఆ చోటు వదిలి ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. ఆ కబురు విన్నప్పుడు నేను మా ఆయన ముఖమే చూస్తున్నాను, ఎంత బాధపడతాడో కొలుద్దామని. అంతటి మనిషిని నేను.

ఆయన బాధ వేరే దారి పట్టింది. మనలో ఎవరో చెప్పారన్నాడు. ఊళ్లోకి ఒంటరిగా పోయింది దస్తగిరి గదా అన్నాడు చెన్నారెడ్డి. అంతే, దస్తగిరితో మాటలు ఆగిపోయాయి. అతను ఒకసారి మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

“నేను చెప్పలేదప్పా. మీరు నమ్మకపోతే నేనేం చేసేది?”

మా ఆయన తల తిప్పుకున్నాడు. నేను తలుపు చాటున ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. దస్తగిరి వెళ్లిపోయాడు. మళ్లీ మా గడప తొక్కలేదు.

ఇప్పుడు ఆ ముగ్గురూ లేరు. ఓబుళమ్మకు మా ఆయన ఎట్లా తెలుసో నాకీనాటికీ తెలియదు. ఆయన బతికుండగా అడగలేకపోయాను. అడిగితే తిరిగి నన్నేమడుగుతాడోనని. నా అనుమానం నిజమే అయినా నేను చేసింది తప్పు కాకుండా పోతుందా? చంటిబిడ్డకు జైలేమిటి?

క్షమించమని అడగను. అడగవలసినవాళ్లు మీరు కారు. వింటే చాలు. దస్తగిరి చెప్పలేదు. చెప్పింది నేను.