పొయ్యిలో మిగిలిన చీటీ

లీలాబాయి రోజూ పొద్దున పొయ్యి ముట్టించే ముందు ఒక పుల్ల తీసుకొని నిన్నటి బూడిదను కెలుకుతుంది. అడుగుదాకా కెలికి, కాగితం ముక్క ఏదీ మిగల్లేదని చూసుకున్నాకే కొత్త కట్టెలు పేరుస్తుంది. ఆ పొయ్యిలో కాగితం వేసి ఏళ్ళు గడిచాయి. అయినా ఆ పుల్ల పొయ్యి పక్కనే ఉంటుంది, ఒక కొస నల్లగా.

ఆమె పుట్టింది నిర్మల్‌లో. పదిహేనేళ్ళకే పెళ్ళయి బోథ్‌కు కోడలుగా వచ్చింది. పిల్లలు పుట్టకముందే భర్త జ్వరంతో పోయాడు. చదివింది ఎనిమిదో తరగతే అయినా, సామాను కట్టి తెచ్చిన కాగితాన్ని కూడా సాపు చేసి చదివి గానీ పారేసేది కాదు. అది చూసే, దూరపు బంధువైన జనార్దన్‌రావు ఆమెకు ఒక పని అప్పజెప్పాడు. ఊళ్ళో పెద్ద కమతం, పత్తి వ్యాపారం ఉన్న మనిషి ఆయన. ఎనభైల మొదట్లో తన పత్తి గోదాము ముందు గదిని ఊరి పిల్లల కోసం పఠన మందిరం చేశాడు. తాళంచెవి లీలాబాయి చేతికిచ్చాడు.

సాయంత్రం బడి వదలగానే పిల్లలు వచ్చేవారు. మగపిల్లలు గట్టిగా మాట్లాడేవారు. ఆడపిల్లలు పుస్తకం తీసుకొని, రిజిస్టరులో సంతకం పెట్టి, తలవంచుకొని వెళ్ళేవారు. వాళ్ళ చేత కూడా ఏదన్నా మాట్లాడించాలని లీలాబాయి ఒక బిస్కెట్ డబ్బా మూతకు చీలిక కోసి కిటికీలో పెట్టింది. ఎవరి మనసులో ఏమున్నా చీటీ మీద రాసి అందులో వేయవచ్చు. పేరు అక్కర్లేదు. శనివారం శనివారం ఆ చీటీలను గోడకు అంటించేది.

మొదటి వారమే ఒక అమ్మాయి రాతను మగపిల్లలు గుర్తుపట్టి వెక్కిరించారు. ఆ పిల్ల మళ్ళీ రాలేదు. అప్పటినుంచి లీలాబాయి చీటీలన్నిటినీ ఒక పెద్ద డ్రాయింగు కాగితం మీద నల్ల ఇంకుతో తన చేత్తోనే ఎక్కించి, అసలు చీటీలను పొయ్యిలో వేసేది. గోడ మీద కనిపించేవి ఆమె అక్షరాలే, మాటలు పిల్లలవి. 'లెక్కల సారు పాఠం చెప్పేటప్పుడు నిద్రపోతుండు, మేం లేపాలెనా వద్దా?' 'మా బాపు తాగి వస్తే నేను ఎక్కడ చదువుకోవాలె?' 'పుస్తకం ఆఖరు పేజీ చింపినోడు కథ ఎట్ల అయిపోయిందో గీ గోడ మీద రాయాలె.' గది ముందు నిలబడి చదవడానికి పెద్దవాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు.

ఎనభై నాలుగు ఫిబ్రవరిలో, పత్తి తీతలు అయిపోయే రోజుల్లో, డబ్బాలో ఒక చీటీ పడింది. ఊదా ఇంకుతో రాసి ఉంది. 'నాకు పదిహేనేళ్ళు. నన్ను నాందేడ్ సంబంధానికి ఇస్తున్నరు. నన్ను ఒక్కలు కూడా అడగలే. నేను చదువుకుంటా.'

ఆ ఊళ్ళో ఊదా ఇంకు వాడేది ఒక్క ఇల్లే, జనార్దన్‌రావు ఇల్లు. ఆయన లెక్కలు రాసేది, కూతురు సరళ సంతకం పెట్టేది ఆ ఇంకుతోనే.

గోడ మీద పెట్టకపోతే ఆ పిల్ల నోరు నొక్కినట్టు. పెడితే నాందేడ్ అన్న మాట చూసి ఊరంతా పోల్చుకుంటుంది. చాలాసేపు ఆలోచించి, ఎన్నడూ ఒక్క మాట మార్చనిది, ఆ రోజు ఊరి పేరు తీసేసి మిగిలింది ఎక్కించింది. ఆ చీటీని వెంటనే కాల్చలేదు కూడా. సరళతో ఏదన్నా మాట్లాడాలనుకొని ఉప్పు కుండ కింద పెట్టుకుంది.

సరళను కాపాడానని అనుకుంది. కానీ ఊరి పేరు పోయాక ఆ మాటలు పదిహేనేళ్ళ ఏ పిల్లవైనా కావచ్చని ఆమెకు తోచలేదు.

అదే ఊరి అంతయ్య అప్పుడు దుబాయి నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. అతని కూతురు గంగామణి తొమ్మిదో తరగతి, సరళ ఈడుది. పిల్లకు సంబంధం చూడమని చుట్టాల్లో ఎవరో అంటే సరే చూద్దామన్నాడు, అంతవరకే. ఆదివారం చాయ్ హోటల్లో ఎవడో నవ్వాడు. "ఏం అంతన్నా, దుబాయి నుంచి రేడియో తెచ్చినవనుకున్నం. నీ ఇంటి ముచ్చట్లు నీకంటె ముందుగాల గోడనే చెప్తున్నది గదా!"

ఆ సాయంత్రమే గంగామణి పుస్తకాల సంచీ అటక ఎక్కింది. పిల్ల ఏడుస్తూ లీలాబాయి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"నేను రాయలే అక్కా. అవ్వ మీద ఒట్టు. బాపు నా మాట ఇంటలేడు. బడికి పోవుడు బంద్ అంటుండు. నువ్వు చెప్పక్కా, ఎవలు రాసిండ్రో నువ్వు చెప్తేనే ఇంటడు."

లీలాబాయి కొంగుతో పిల్ల ముఖం తుడిచింది. గంగామణి తల్లి వచ్చి పిల్లను రెక్క పట్టుకొని తీసుకుపోయింది.

మరునాడు పొద్దున్నే లీలాబాయి భయం హద్దు దాటింది. ఇంట్లో ఆ కాగితం ఉండకూడదనుకుంది. కుండ కింది నుంచి తీసి పొయ్యిలో వేసింది. పొయ్యిలో ఉన్నవి పత్తికట్టెలు. అవి భగ్గున మండుతాయి, అంత తొందరగానూ చల్లారిపోతాయి. మంట తగ్గిందని ఇంకో కట్ట తేవడానికి పెరట్లోకి వెళ్ళింది. కట్టెలతో తిరిగి వచ్చేసరికి వాకిట్లో చెప్పుల చప్పుడు.

ముందు అంతయ్య, వెనక జనార్దన్‌రావు.

"లీలక్కా, గీ దినం తేలిపోవాలె," అన్నాడు అంతయ్య. "నా ఇజ్జత్ గోడకెక్కింది. దొర ముందటనే అడుగుతున్న. రాసింది నా బిడ్డెనా, కాదా?"

"నీ బిడ్డె కాదు."

"మరెవలు?"

జనార్దన్‌రావు చేయెత్తి అతన్ని ఆపాడు. "జర ఆగు అంతయ్యా." చలికి చేతులు రుద్దుకుంటూ వచ్చి పొయ్యి పక్కనున్న పీట మీదనే కూర్చున్నాడు. "లీలా, పంచాయతి ఎందుకు? నా ఒక్కనికి చెప్పు. నా నోట్లకెళ్ళి బయటికి పోదు."

ఎవరికి చెప్పినా ఆయనకు చెప్పకూడదు. లీలాబాయి ఆయన ముఖం చూడలేక కళ్ళు దించింది. దించిన కళ్ళకు పొయ్యి కనిపించింది. చీటీ కాలలేదు. అంచులు గోధుమరంగుకు తిరిగి, బూడిద మీద వెల్లకిలా పడి ఉంది. ఊదా అక్షరాలు పైకే ఉన్నాయి. జనార్దన్‌రావు మోకాలికి జానెడు దూరం.

ఆయన జేబులోంచి సిగరెట్టు తీశాడు. రెండు జేబులూ తడుముకున్నాడు. "అగ్గిపెట్టె మరిచిన. జర నిప్పియ్యి," అంటూ తనే పొయ్యి వైపు వంగబోయాడు.

"ఆగన్నా, కాలుతది. నేనిస్త."

ఆ మాట తన గొంతులోంచి ఎలా వచ్చిందో ఆమెకు ఇప్పటికీ తెలియదట. వంగి ఆ చీటీనే అందుకుంది. వత్తిలా మెలిపెట్టింది. బూడిద కింద ఎర్రగా ఉన్న నిప్పుకు ఆనించి ఊదింది. ఒకసారి ఊదితే అంటుకోలేదు. మళ్ళీ ఊదింది. అంటుకుంది. మండుతున్న ఆ కాగితాన్నే ఆయన ముందుకు చాచింది.

జనార్దన్‌రావు సిగరెట్టు నోట్లో పెట్టుకొని ముందుకు వంగాడు. మెలి వదులై కాగితం కొద్దిగా విచ్చుకుంది. ఆయన దమ్ము లాగలేదు. మంటనే చూస్తున్నాడో, మంట కింద అక్షరాలు చూస్తున్నాడో ఆమెకు అర్థం కాలేదు. అప్పుడు ఆయన దమ్ము లాగాడు. సిగరెట్టు అంటుకుంది. ఆమె వేళ్ళు చురుక్కుమనేదాకా పట్టుకొని, మిగిలిన ముక్కను నిప్పుల్లో వదిలింది.

"నేనే రాసిన," అంది.

అంతయ్య నవ్వాడు. "నీకు పదిహేనేళ్ళా అక్కా? మా గంగామణి తోటి బడికి పోతున్నవా?"

"అప్పుడుండె. గీ ఇంటికి తోలిచ్చిన నాడు నాకు పదిహేనేళ్ళే. బడిలకెళ్ళి నడిమిట్ల లేపుకొచ్చి పసుపు రాసిండ్రు. గా ముచ్చటనే రాసిన. గోడ మీది అక్షరాలు ఎవలియి? చూసినవు గదా, నాయే."

అబద్ధం చెబుతున్నాననుకుంటూనే చెప్పింది. కానీ అందులో తన సంగతి ఒక్కటీ అబద్ధం కాదు. అంతయ్య నవ్వు ఆగిపోయింది.

"గట్లని కింద పేరు రాస్తే అయిపోవు గదా. ఉత్తగ నా ఇంటిమీద పడ్డది."

"రాసేదుండె," అంది లీలాబాయి.

అతను విసురుగా వెళ్ళిపోయాడు. జనార్దన్‌రావు లేచి, గడప దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అడిగాడు. "అప్పుడు నిన్ను ఒక్కలన్న అడిగిండ్రా లీలా?"

"లేదన్నా. చెప్పుకుందమంటె గా డబ్బ గూడ లేకుండె."

ఆయన గడప దాటి వెళ్ళిపోయాడు.

గంగామణి సంచీ అటక దిగింది. పిల్ల బడికి పోయింది. చాయ్ హోటల్ నవ్వులు లీలాబాయి మీదికి మళ్ళాయి. ఇంత వయసులో పెళ్ళి ముచ్చట్లేమిటని ఆడవాళ్ళు కూడా మూతి తిప్పారు. అదంతా ఆమెకు పట్టలేదు. ఆయన చూశాడా, చూడలేదా? ఆ ఇంటి గేటు చప్పుడైతే సరళ ఏడుపేమోనని చెవులు రిక్కించేది. ఈ సంగతి నాకు చెప్పేటప్పుడు కూడా లీలాబాయి రెండుసార్లు లేచి వాకిలి చూసి వచ్చింది.

మరుసటి శనివారం జనార్దన్‌రావు స్వయంగా గదికి వచ్చాడు. కిటికీలోంచి డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టాడు. "పేరు లేని మాట ఇగ గోడకెక్కొద్దు," అన్నాడు. నాందేడ్ వాళ్ళకు మాత్రం పిల్ల పదో తరగతి అయిపోనివ్వండని కబురు పంపాడట. ఏడాది తర్వాత, పరీక్షలయ్యాక, సరళను ఆ ఇంటికే ఇచ్చారు. ఆ ఏడాది అంతా సరళ పుస్తకాలకు వచ్చింది. లీలాబాయి ముఖంలోకి చూసేది కాదు. రిజిస్టరులో సంతకం మాత్రం నీలం ఇంకుతో పెట్టేది. ఆ ఇంట్లో ఊదా ఇంకు ఎందుకు పోయిందో, ఎవరు మాన్పించారో, అడిగే ధైర్యం లీలాబాయికి రాలేదు.

పేర్లు పెట్టి రాయమన్నాక గోడ కాగితం మీద క్రికెట్ స్కోర్లు, ఫలానా పుస్తకం బాగుందన్న మాటలు మిగిలాయి. "పేరు పెట్టి ఏం రాయాలె అక్కా, దొరకు దండాలనా?" అని మగపిల్లలు నవ్వారు. గంగామణి మాత్రం నవ్వలేదు. "మంచిగయింది తీసేసిండ్రు. రాసినోళ్ళు మంచిగనే ఉన్నరు. ఏడ్సింది నేను," అంది. గోడ ఖాళీగా కనిపించినప్పుడల్లా లీలాబాయికి డబ్బా తిరిగి పెట్టాలనిపించేది, గంగామణి ఎదురుపడితే వద్దనిపించేది.

లీలాబాయి ఇప్పటికీ బోథ్‌లోనే ఉంటున్నది. పఠన మందిరం తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. బిస్కెట్ డబ్బాలో కందిపప్పు పోసుకుంటున్నది. మూతకు కోసిన చీలిక మీద, పురుగు పడకుండా, ఒక గుడ్డముక్క కప్పి ఉంచుతుంది.