మగ్గం బ్రదర్స్ బెల్టు

తిరువళ్లూరులో రైలెక్కితే, పక్కసీటాయన ఫోన్లో కుస్తీ చూస్తా ఉన్నాడు. మాటల్లో మాటగా, "ఆవడిలో నాతో పనిచేసే పొదటూరుపేటాయన జంట కుస్తీల బెల్టుకు ఒక చరిత్రే కల్పించినాడన్నా. ఎవురి తర్వాత ఎవురు చాంపియన్లో వరస తప్పకుండా చెప్తాడు. మొదటోళ్లు మగ్గం బ్రదర్స్. ఆయనా, ఆయన తమ్ముడూ," అన్నాడు.

మగ్గం బ్రదర్స్ అంటే అన్నదమ్ములు కాదు, మా బావా, నేనూ. పక్కపక్క మగ్గాల్లో నేస్తా ఆ వరసంతా మేమిద్దరమే అల్లినాము. అట్టబెల్టుకు జరీ చుట్టింది నేను.

"దానికి రూలు కూడా ఉందన్నా. జంటలో ఒకడు రెండోవాణ్ణి వదిలేస్తే బెల్టు ఎవురిదీ కాదు."

ఆ రూలు పెట్టింది బావే. మగ్గాన్నీ, నన్నూ వదిలేసి ఆవడిలో పనికి పోయిందీ బావే.

తిరుత్తణిలో దిగతా, "ఆ బెల్టు ఇప్పుడు ఎవురిదీ కాదని ఆయనతో చెప్పయ్యా," అన్నాను. ఆయన తెల్లబోయి చూసినాడు.

బావ ఇంతవరకూ ఫోన్ చెయ్యలేదు.